మల్లెతోట ఉంది, అత్తరు వ్యాపారం పెట్టవచ్చా?

ప్రశ్న: మాది మైలవరం దగ్గర పల్లె. రెండెకరాల మల్లెతోట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పూలు ఒక్కసారిగా పడి కిలో 60 రూపాయలకు దిగిపోతాయి, కోత కూలి కూడా గిట్టదు. ఆ పూలతో కల్తీ లేని అత్తర్లు, పర్ఫ్యూమ్‌లు చేసి అమ్మాలని ఉంది. కుక్కర్‌కు గొట్టం బిగించి ఒకసారి ప్రయత్నించాను. ఉడికిన ఆకుకూర వాసన వేసే నీళ్లు వచ్చాయి తప్ప నూనె చుక్క కూడా కనబడలేదు. 50 లీటర్ల స్టీలు యూనిట్ అమ్మే ఒకాయన దాంట్లో మల్లె నూనె తప్పకుండా వస్తుందంటున్నాడు. చేతిలో 6 లక్షలు ఉన్నాయి. కొనమంటారా? పర్యావరణానికి చేటు లేకుండా చేయాలన్నది నా పట్టుదల. ఎర్రచందనం కూడా కలపవచ్చా?
– ఒక సోదరి, ఎన్టీఆర్ జిల్లా

సమాధానం: ఆ యూనిట్ కొనకండి. యూనిట్ మంచిదే కావచ్చు, మల్లెకు మాత్రం అది పనికిరాదు.

మల్లెలో నూనె చాలా తక్కువ. ఉన్న కాస్తా మొగ్గ విచ్చుకునే గంటల్లో కొద్దికొద్దిగా తయారై గాలిలోకి పోతుంటుంది. సాయంత్రం కోసిన మొగ్గ జడలో పెట్టాక రాత్రంతా వాసన వేయడానికి కారణం ఇదే. కోశాక కూడా పువ్వు తన పని ఆపదు. దాన్ని కుక్కర్లో పెట్టి ఉడికిస్తే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. అప్పటికి ఉన్న నూనె ఆవిరితో బయటికొచ్చినా పట్టుకోవడానికి ఏమీ లేక నీళ్లలో కరిగి కనబడకుండా పోతుంది. పైగా మీరు పూలను తొడిమలతో సహా వేసి ఉంటారు. ఆ పచ్చి తొడిమ ఉడికిన వాసనే మీకు ఆకుకూరలా తగిలింది. 50 లీటర్ల పాత్రలో చేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే నీళ్లు ఎక్కువ వస్తాయి.

బజారులో మల్లె అబ్సల్యూట్ పేరుతో దొరికేదాన్ని హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు. వెయ్యి కిలోల పూలకు సుమారు రెండు కిలోల మైనం లాంటి ముద్ద వస్తుంది, దాన్ని కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి వడగడితే అందులో సగం, అంటే కిలో అటూ ఇటూగా అబ్సల్యూట్ మిగులుతుంది. కిలో పూలకు ఒక గ్రామన్నమాట. మీరు రాసిన 60 రూపాయల ధరకే లెక్కేసినా కిలో అబ్సల్యూట్‌లో పూల ఖర్చే 60 వేలు. హెక్సేన్ 69 డిగ్రీలకే మరిగిపోతుంది, దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ తగిలినా చాలు. కోయంబత్తూరు, మధురై వైపు ఇది పెద్ద ఫ్యాక్టరీలు చేసే పని. ఇంటి వెనక షెడ్డులో దాని జోలికి పోవద్దు.

మరి కన్నౌజ్‌లో మల్లె అత్తరు ఎలా తీస్తున్నారని మీరు అడగవచ్చు. అక్కడ మన మల్లెను బేలా అనీ, మోతియా అనీ పిలుస్తారు. డేగు అనే రాగి పాత్రలో పూలు, నీళ్లు పోసి, మూతను మట్టితో మెత్తి, సన్నటి మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి కుండలోకి పోతుంది. ఆ కుండలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. కీలకమంతా అక్కడే ఉంది: వాసన నీళ్లలోకి పోకుండా గంధపు నూనె పట్టుకుంటుంది. రాత్రి చల్లారనిచ్చి అడుగున చేరిన నీళ్లు వంపేస్తారు. మర్నాడు అదే నూనె మీదికి కొత్త పూల ఆవిరి ఎక్కిస్తారు. ఇలా పది పదిహేను రోజులు సాగుతుంది. పద్ధతి చవకే గానీ గంధపు నూనె కిలో లక్ష దాటి ఎంతో దూరం పోయింది. అందుకే ఈ రోజుల్లో చవక అత్తర్లలో దాని బదులు పెట్రోలియం నుంచి వచ్చే లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది. మీరు కల్తీ వద్దంటున్నారు కాబట్టి ఆ దారి మీకు కుదరదు. చేయి తిరగకుండా లక్షల విలువైన నూనెను మంట మీద పెట్టడమూ తెలివైన పని కాదు.

మీ తోటకు సరిపోయే పద్ధతి ఇంకొకటి ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్, ఘాజీపూర్ ప్రాంతాల్లో జాజి తలనూనెను తరతరాలుగా ఇలాగే చేశారు: వాసనను నూనెకు కాకుండా నువ్వులకు ఎక్కించి, ఆ నువ్వులను గానుగ ఆడించడం. మంట లేదు, ద్రావకం లేదు. కోశాక కూడా వాసన వేస్తూనే ఉండే మల్లె గుణం ఇక్కడ మీకు కలిసొస్తుంది.

మొదటిసారి 5 కిలోలతో చేయండి. పొట్టు తీసిన తెల్ల నువ్వులు తీసుకుని ఒక పూట ఎండలో బాగా ఆరబెట్టి, నీడలో చల్లారనివ్వండి. పూలు విచ్చుకున్నవి కాదు, ఆ సాయంత్రం విచ్చుకోబోయే తెల్లటి ముదురు మొగ్గలు కావాలి. మధ్యాహ్నం తర్వాత కోయించండి, తడి ఉంటే గుడ్డ మీద ఆరనివ్వండి, తొడిమలు గిల్లేయండి. పొద్దుగూకే వేళకు వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మందాన నువ్వులు పరిచి, వాటి మీద పలచగా మొగ్గలు, మళ్లీ నువ్వులు, మళ్లీ మొగ్గలు వేయండి. రాత్రికి 5 కిలోల మొగ్గలు పడతాయి. పైన పలచటి నూలుగుడ్డ కప్పండి. మూత పెట్టేస్తే చెమ్మ పడుతుంది.

తెల్లవారాక, పూలు వేసి పన్నెండు గంటలు నిండగానే జల్లెడ పట్టి పూలన్నీ తీసేయాలి. నిర్లక్ష్యం చేస్తే పనంతా చెడేది ఇక్కడే. మధ్యాహ్నం దాకా ఉంచితే పూలు గోధుమ రంగుకు తిరుగుతాయి. మల్లెలో సహజంగానే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొంచెం ఉంటే పూలకు నిండుదనం, శ్రుతి మించితే పాడైన వాసన. వాడిన పూలు ఆ రెండోదాన్ని నువ్వులకు అంటిస్తాయి, ఆ తర్వాత ఏం చేసినా పోదు. పూలు తీశాక నువ్వులను పగలంతా నీడలో, ఫ్యాను కింద పలచగా ఆరబెట్టండి. పూల చెమ్మ నువ్వుల్లో నిలిస్తే మూడో రోజుకే బూజు వాసన మొదలవుతుంది. గుప్పెడు నువ్వులు పిడికిట్లో బిగించి వదిలినప్పుడు గలగలా జారాలి. ముద్దగా అంటుకుంటే ఆ రాత్రి పూలు వేయకండి.

ఇలా ఆరు రాత్రులు. నాలుగో రాత్రి దాటాక ప్రతి ఉదయం చెంచాడు నువ్వులు నలిపి వాసన చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియకపోతే నువ్వులు తాగగలిగినంత తాగేసినట్టే, ఇంక పూలు వేసినా దండగ. ఆడించే ముందు గానుగాయనతో మాట్లాడుకోండి. పొట్టు లేని నువ్వు రోకలికి పట్టు దొరక్క జారుతుంది, పొట్టున్న నువ్వులు కొన్ని కలిపితే దారికొస్తుంది. అంతకుముందు అందులో వేరుశనగ ఆడించి ఉంటే శుభ్రం చేయించాల్సిందే, లేదంటే మీ మల్లెకు పల్లీ వాసన తోడవుతుంది. రెండు రోజులు తేరనిచ్చి, పైతేట వడగట్టి, రంగు సీసాల్లో మెడదాకా నింపండి.

5 కిలోల నువ్వులకు సుమారు రెండు లీటర్ల నూనె వస్తుంది. 30 కిలోల పూలు 1,800 రూపాయలు, నువ్వులు కిలో 200 అనుకుంటే 1,000, వెరసి లీటరుకు సరుకు ఖర్చు 1,400. కూలి, గానుగ, సీసా విడిగా వేసుకోండి. 100 మిల్లీలీటర్ల సీసాలో సరుకు 140 రూపాయలదన్నమాట. అదే 30 కిలోల పూలు ఫ్యాక్టరీకి పోతే దక్కేది 30 గ్రాముల అబ్సల్యూట్. ఇది తలనూనెగా, ఒంటినూనెగా అమ్ముడుపోయే సరుకు. పర్ఫ్యూమ్ అని అమ్మకండి, అంత ఘాటు ఉండదు. మొదటి సీసాలు ఆరు నెలలు నిలవ పెట్టి, వాసన మారలేదని చూశాకే గడువు తేదీ నిర్ణయించుకోండి.

ఇక పర్ఫ్యూమ్ సంగతి. సహజ సుగంధాల వ్యాపారం పువ్వు పేరుతో అమ్ముడుపోతుంది గానీ, దాన్ని మోసేది గడ్డీ వేరూ. తోట గట్టున, మల్లెకు పనికిరాని నేలలో వట్టివేరు, పామారోజా అనే వాసనగడ్డి వేయండి, కాస్త దవనం కూడా. లక్నోలోని సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. మొక్కల రకాలు, సాగు, నూనె తీసే పద్ధతి, శిక్షణ అన్నిటికీ మొదట అక్కడికే వెళ్లండి. అత్తరు పనే నేర్చుకోవాలనుకుంటే కన్నౌజ్‌లో ఎఫ్ఎఫ్‌డీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

పామారోజా వంద కిలోల పచ్చిగడ్డికి 300 నుంచి 500 గ్రాముల నూనె ఇస్తుంది. వాసన గులాబీకి దగ్గర. పూత వచ్చాక కోయాలి, ముందే కోస్తే నూనె తగ్గుతుంది. కోసిన గడ్డిని ఒక పూట నీడలో వాడనిచ్చి పాత్రలో గట్టిగా తొక్కి నింపాలి. వదులుగా నింపితే ఆవిరి ఒక పక్కన సందు చేసుకుని పైకి పోతుంది, మిగతా గడ్డిలో నూనె అలాగే ఉండిపోతుంది. ‘రెండు గంటలు మరిగించినా నూనె రాలేదు’ అనే చాలామంది గోడు వెనక ఉన్నది ఈ సందే.

వట్టివేరుకు ఓపిక కావాలి. వేళ్లు తవ్వడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఇసుక నేల అయితే వేళ్లు తెగకుండా వస్తాయి. మీది బరువు నేలైతే కూలి తడిసి మోపెడవుతుంది, అలాంటప్పుడు వేళ్లు కొనుక్కోవడమే మేలు. కడిగి, అంగుళం ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటలు ఆవిరి పట్టాలి. మంచి నూనె, అంటే చిక్కటి, నిలిచే వాసన ఉన్న భాగం ఆఖరి గంటల్లోనే దిగుతుంది. కట్టెలు కలిసొస్తాయని పది గంటలకే దింపితే పచ్చి మట్టివాసన మాత్రమే చేతికొస్తుంది. ఇంకో చిక్కుంది. ఈ నూనె బరువు దాదాపు నీటి బరువే, అందుకని గడ్డినూనెల్లా చటుక్కున పైకి తేలదు. నీళ్లు, నూనె విడిపోయే పాత్రను మరీ చల్లబరచకుండా కొంచెం వెచ్చగా ఉంచితే విడిపోతుంది.

వీటికీ సొంత యూనిట్ ఇప్పుడే వద్దు. 50 లీటర్ల పాత్రలో పట్టే గడ్డి పది పన్నెండు కిలోలు, వచ్చే నూనె 50 గ్రాములు. రోజంతా మంట దగ్గర నిలబడ్డ కూలి కూడా గిట్టదు. పొలం స్థాయిలో 500 లీటర్లకు తక్కువైతే దండగ. మొదటి ఏడాది గడ్డినూనెలు తీసే రైతుల దగ్గర అద్దెకు తీయించుకోండి. సొంతంగా పెట్టుకునే రోజు వస్తే 304 రకం స్టీలు తీసుకోండి. ఇనుప పాత్ర నూనెకు రంగు ఎక్కిస్తుంది. చల్లబరిచే నీళ్లు తొట్టిలోకి తిరిగి వచ్చేలా పైపులు వేయించండి, నూనె తీసిన గడ్డిని ఎండబెట్టి మళ్లీ పొయ్యికే వాడండి. పర్యావరణం గురించి సీసా మీద రాసుకోదగ్గ మాటలు ఇక్కడే పుడతాయి. (ఊళ్లో బట్టీ పెడుతున్నారంటే సారా అనుకునే ప్రమాదం ఉంది. పంచాయతీలో ముందే చెప్పి ఉంచండి.)

నూనెలు చేతికొచ్చాక పర్ఫ్యూమ్ కలపడం పూర్తిగా కాటా పని. చుక్కలు లెక్కపెట్టకండి. వట్టివేరు నూనె చుక్కకూ నిమ్మగడ్డి నూనె చుక్కకూ బరువులో పోలిక లేదు, రెండోసారి అదే వాసన రాదు. 0.01 గ్రాము చూపించే కాటా కొనండి. పది గ్రాముల సీసాకు మొదటి ప్రయత్నంగా ఇలా కలపండి: వట్టివేరు నూనె 0.60, గంధపు నూనె 0.40, పామారోజా 0.30, కొన్న మల్లె అబ్సల్యూట్ 0.25, దవనం 0.05, మొత్తం 1.60 గ్రాములు. మిగతా 8.40 గ్రాములు జొజోబా గింజల నూనె గానీ, గడ్డకట్టని ఎంసీటీ కొబ్బరినూనె గానీ. అబ్సల్యూట్‌ను నేరుగా ఆ నూనెలో పోస్తే కలవకుండా అడుగున పేరుకుంటుంది. ముందు గంధపు నూనెలో కలిపి, సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి కరగనిచ్చాక మిగతావి చేర్చండి. దవనం ఎక్కువ పడితే పండిన పండు వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది. సీసాను నెల రోజులు చీకట్లో పెట్టి మరిచిపోండి. కలిపిన రోజు వాసన చూసి సూత్రం మార్చడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు.

మీ నువ్వుల నూనెను ఈ సీసాలో ఆధారంగా వాడకండి, దాని సొంత వాసన అడ్డం వస్తుంది. నిమ్మ తొక్కల నుంచి పిండిన నూనె ఎక్కువ వేస్తే, పూసుకుని ఎండలోకి వెళ్లినవాళ్లకు చర్మం కమిలే ప్రమాదం ఉంది. నిమ్మగడ్డిలోని సిట్రాల్ అనే పదార్థం కూడా చాలా తక్కువగానే ఉండాలి. ‘సహజం కాబట్టి ఎలర్జీ రాదు’ అని ఎవరికీ చెప్పకండి, గులాబీకైనా లవంగానికైనా పడనివాళ్లు ఉంటారు. వాసన ఒంటి మీద మూడు నుంచి ఐదు గంటలు నిలిస్తే సహజమైనదానికి అది బాగా నిలిచినట్టే. రోజంతా ఉంటుందని రాస్తే మొదటి కొనుగోలుదారే మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

స్ప్రే సీసాలు మొదటి ఏడాది వద్దు. వాటికి ఇథైల్ ఆల్కహాల్ కావాలి, దానికి రాష్ట్ర ఎక్సైజ్ శాఖ అనుమతులు కావాలి. తాగడానికి పనికిరాకుండా అందులో కలిపే పదార్థాల వల్ల ‘నూరు శాతం సహజం’ అనే మాట కూడా నిలవదు. శానిటైజర్ స్పిరిట్‌తో సరిపెట్టుకోవాలని చూడకండి, ఆసుపత్రి వాసన వస్తుంది. మిథనాల్ అయితే విషం.

ఒంటికి పూసుకునే అత్తరైనా, తలకు రాసుకునే నూనైనా చట్టం దృష్టిలో కాస్మెటిక్. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు కాస్-5 ఫారంలో దరఖాస్తు చేస్తే కాస్-8 లైసెన్సు ఇస్తారు. దానికి విడిగా శుభ్రమైన గది, అర్హత ఉన్న మనిషి కావాలి. అంత పెట్టుబడి ఇప్పుడే వద్దనుకుంటే, లైసెన్సున్న వేరొకరి గదిలో మీ సరుకు మీరు తయారు చేసుకునేందుకు కాస్-6 ద్వారా లోన్ లైసెన్సు తీసుకోవచ్చు. మీ ప్రస్తుత స్థితికి మా ఓటు దీనికే. లేబుల్ మీద బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా, పరిమాణం, ఎంఆర్‌పీ, తయారీ నెల, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పనిసరి. జీఎస్టీ పర్ఫ్యూమ్‌కు 18 శాతం, తలనూనెకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఒత్తిడి తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది లాంటి మాటలు రాశారంటే అది మందుల చట్టం పరిధిలోకి పోతుంది.

ఎర్రచందనం సంగతికి వద్దాం. దానికి వాసన లేదు. శేషాచలంలో పెరిగే ఆ చెట్టు రంగు కోసం, కలప కోసం విలువైనది. నరకాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. మీకు కావలసింది శ్రీగంధం. దాని నూనెను ఎక్కడ పెరిగిన చెట్టుదో కాగితం చూపించే అమ్మకందారు దగ్గరే, బిల్లుతో కొనండి. కొన్న ప్రతి నూనెకూ ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏమేం ఉన్నాయో చూపే ల్యాబు రిపోర్టు అడగండి. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది: ఒక చుక్క అత్తరును పది చుక్కల ఘాటైన ఇథైల్ ఆల్కహాల్‌లో వేయండి. స్వచ్ఛమైన సుగంధ తైలం కరిగిపోతుంది, పారాఫిన్ కలిపి ఉంటే పాలలా తెల్లబడుతుంది. అయితే ఆల్కహాల్‌లో కరిగే కల్తీలూ ఉన్నాయి. తెల్లబడితే కల్తీ ఉందని అనుమానించవచ్చు గానీ, తెల్లబడనంత మాత్రాన స్వచ్ఛమని కాదు.

6 లక్షలనూ ఒకేసారి దించకండి. శిక్షణకు, ప్రయోగాలకు 50 వేలు, కొనే నూనెలకు లక్షా 20 వేలు, లైసెన్సు, గది, కాటా, పరీక్షలకు లక్షన్నర, సీసాలు, లేబుళ్లకు 80 వేలు. మిగిలిన 2 లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. సీసా తయారీ ఖర్చుకు కనీసం నాలుగు రెట్లు ధర పెట్టాలి. కొట్టువాళ్లే మూడో వంతు దాకా కమీషన్ అడుగుతారు, పరీక్షకు వాడుకోమని పంచే చిన్న సీసాల ఖర్చూ అందులోనే తేలాలి. యూనిట్ పెట్టే దశకు వచ్చినప్పుడు పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం చూడండి. పల్లెల్లో పెట్టే మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది, సొంత వాటా 5 శాతం చాలు. కానీ సబ్సిడీ పాత ఖర్చుకు రాదు, యంత్రం ముందే కొనేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఆ 50 లీటర్ల ఆయన తొందరపెడితే ఈ మాట గుర్తుంచుకోండి.

మార్చిలో మొదటి పూలు దిగగానే మంచి ధర ఉన్నన్నాళ్లూ మార్కెట్‌కే పంపండి. ధర పడిన వారంలో 5 కిలోల నువ్వులతో ఆరు రాత్రుల ప్రయోగం చేయండి. ఏ రోజు ఎన్ని పూలు వేశారు, ఎన్నింటికి తీశారు, గాలిలో తేమ ఎలా ఉంది, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నూనె వచ్చాక చిన్న సీసాలో పోసి, మీ ఇంటివాళ్లకు కాకుండా తలకు నూనె రాసుకునే పదిమంది పరాయివాళ్లకు ఇచ్చి, వారం తర్వాత ఏమంటారో అడగండి.